మిడతల పాపం

యాంగోన్, అహ్లోన్ రేవు పక్క వీధిలో ఒక మేడమీది ఇల్లు. కార్తీక సోమవారం, పొద్దున్న తొమ్మిదిన్నర. తాయారమ్మ, ఆమె మనవరాలు పద్మిని.

“కదిలింది మామ్మా! కాలు కదిపింది. నువ్వు చూశావా?”

“నాను సూడ్నేదు. గాలికి కదిలుంటాది. బొగ్గునాగ నల్లగా అయిపోనాదే పద్దీ. నిన్న సందేళ నుంచీ ఇదే రంగు.”

“ఊసరవెల్లి కదా. రంగు మారతాది. అంతే.”

“మారితే పచ్చగా మారాల, పసుపుగా మారాల. పట్టపగలు కళ్ళు మూసుకుని, కొమ్మ దిగిపోయి, గూటడుక్కి పడుకున్నాదంటే అది బతికే బుద్ది కాదు.”

“నీకు దండం పెడతాను, ఆ మాటనకు. పదకొండింటికి ఆవిడొచ్చేస్తాది.”

“ఈయేలా? గురువారం కదేటి అన్నాది?”

“ముందే వచ్చేసింది. నిన్న సాయంత్రమే మింగళాడోన్ ఎయిర్‌పోర్టులో దిగిందట. ఇందాకే మెసేజి పెట్టింది. తనే వచ్చి తీసుకెళ్తాదట.”

“ఇంటికే? మెట్లెక్కి? ఓలమ్మ ఓలమ్మ! గుంటడు ఇంట్లో ఉన్నాడే!”

“మెల్లగా మామ్మా! కిటికీ తెరిచుంది.”

“ఆ వార్డు పెద్ద పెళ్ళాం బ్యాంకాక్ ఎల్తే, ఆవిడ జంతువు మన కొంపలో ఏటి? వద్దని ఒక్క మాట అన్నేకపోనావు.”

“ఎలా అంటాను? కుర్రాళ్ళని పటాలంలోకి లాక్కెళ్ళే లిస్టు ఎవరి చేతిలో ఉంది? ఆవిడ మొగుడి చేతిలో కాదా? ‘చీటీలో మీ తమ్ముడు సూరి పేరొచ్చింది, వాడేడీ’ అని ఆయన అడిగితే ‘విశాఖపట్నం వెళ్ళిపోయాడు, భీమరాజు మావయ్య దగ్గరున్నాడు’ అని చెప్పింది నేను. ఆయన నమ్మి రాసుకున్నాడు. అలాంటి ఇంటి మనిషి వచ్చి, గూడు నా చేతిలో పెట్టి, ‘మా అమ్మాయిది, పది రోజులు చూడండి, మీకు పిట్టల గింజల కొట్టుంది కదా, జంతువుల సంగతి మీకు తెలుసు కదా’ అంటే కాదనడానికి నాకు నోరెలా వస్తాది?”

“పిట్టల గింజలు అమ్మినోల్లకి బల్లుల సంగతేటి తెలుస్తాదే?”

“బల్లి కాదు మామ్మా.”

“బల్లికి తాత. సర్లే. ఇది సచ్చిపోతే ఆవిడేటి సేత్తాది?”

“ఏం చేస్తాదో నాకేం తెలుసు? కోపం వస్తాది. మొగుడితో చెప్తాది. ఆయన మనుషుల్ని పంపిస్తాడు. ఇల్లు చూడండంటాడు. అటక మీద ఒక పరుపు, ఒక ఫ్యాను, వాడి షర్ట్లు... ఒక్క నిమిషం చాలు. ఏడు నెలలు దాచుకున్నాం మామ్మా. ఏడు నెలలు!”

“ఏడవకు. పక్కోల్లు ఇంటారు.”

“ఇదంతా నీ వల్లే కదా! ఆవిడ పెట్టెడు కీచురాళ్ళు ఇచ్చి వెళ్ళింది. కొన్నవి. శుభ్రమైనవి. పది రోజులకి సరిపోయేవి.”

“కార్తీకవాసం మొదటి సోమారం అది. ఉపాసం ఉండి, శివయ్య ముందట దీపం ఎట్టి, పక్కనే పెట్టెలో ప్రాణాలు కిచకిచమంటుంటే నాను కూకుని ఇనాలా? ఒగ్గేసేను. నెల్లాళ్ళూ నా సేత్తో సీమ కూడా సావకూడదని మొక్కుకున్నాను. ఎవుడి కోసం మొక్కేను? ఆడి కోసవే కదా.”

“మురుక్కాలవలోకి ఒగ్గేశావు. అందులో ఎన్ని బతికాయో మీ శివయ్యకే తెలియాల.”

“నాను మూత తీసేను. అంతే. ఆ తరవాత వాటి రాత.”

“నువ్వు మూత తీశావు, ఆ మర్నాటి నుంచి వాడు వెనక సందులోకి దిగి గడ్డిలో మిడతల్ని పట్టాల్సొచ్చింది.”

“అదే నాకు రేయింబగళ్ళూ తినేత్తన్నాది. వారం రోజులు. రోజుకి ఐదారు. నానొక్క సీమని సంపకుండా సేతులు కట్టుకు కూకుంటే, ఆ పాపవంతా గుంటడి నెత్తినెక్కింది. అసలే ఆడికి కాలం బాగోనేదు.”

“పాపం సంగతి తరవాత. ముందు దీని కళ్ళు తెరిపించాలి. శనివారం ఆ సందంతా దోమల పొగ కొట్టారు. ఆదివారం వాడు ఆ సందులోవే పట్టి పెట్టేశాడు, నేను ఆపలేదు. నాకు బుర్ర పనిచెయ్యలేదు.”

“ఆడికైనా తట్టద్దా? సదువుకున్నోడు.”

“పొగ మిషనోళ్ళు వచ్చినప్పుడు వాడు అటక మీద దుప్పటి ముసుగులో ఉన్నాడు. వాడికేం తెలుసు? నేను చెప్పాల్సింది. మామ్మా, వాణ్ణి కిందికి పిలు. డ్రాపరుతో నీళ్ళు పట్టడం వాడికే వచ్చు.”

“పడుకున్నాడు.”

“లేపు.”

“రాత్రి నిద్ర నేదు గుంటడికి. పడుకోనీ.”

“గంటన్నర కూడా లేదు మామ్మా, లేపు!”

“తానం సేత్తన్నాడేమో.”

“ఇప్పుడే పడుకున్నాడన్నావు.”

“లేసి... తానానికి ఎల్లుంటాడు.”

“స్నానాల గది తలుపు తీసే ఉంది. మామ్మా, ఇటు చూడు. నా మొహం చూడు. వాడెక్కడ?”

“నువ్వు అరవకూడదు మరి.”

“వాడెక్కడ?”

“మంచి మిడతలు తెత్తానన్నాడే. పొగ తగల్నివి. పాత బియ్యం మిల్లు గోడెనకాల గడ్డున్నాది కదా, ఆడికి...”

“రోడ్డు దాటి వెళ్ళాడా!”

“సీకటుండగానే ఎల్లేడు. అరగంటలో వచ్చేత్తానన్నాడు.”

“తెల్లారి మూడు గంటలు దాటింది! మూడు గంటల నుంచీ నువ్వు నాతో పడుకున్నాడు, తానం చేస్తన్నాడు అని... ఫోన్ చేస్తాను. ఫోన్ తీసుకెళ్ళాడా?”

“అదిగో. పరుపు కిందే ఒగ్గెల్లిపోనాడు.”

“ఆ మిల్లు మూల మీద పటాలం వాళ్ళు లారీ పెట్టుకుని గుర్తింపు కార్డులు చూస్తారు మామ్మా. పొద్దుటి పూటే పెడతారు. పనికెళ్ళే కుర్రాళ్ళని ఆపుతారు. నేను వెళ్తాను. నేను వెళ్ళి చూసొస్తాను.”

“నువ్వెల్తే ఆవిడొచ్చినప్పుడు నానొక్కత్తినీ ఏటి సేసేది? పద్దీ! నన్ను ఒగ్గెల్లిపోకే!”

“వదులు, చెయ్యి వదులు.”

“ఉష్. మెట్లు.”

“ఎవరు?”

“నాకేటి తెల్సు! ఆవిడే అయితే?”

“ఇంత తొందరగానా... మామ్మా, గూడు మీద గుడ్డ కప్పు. కప్పు!”

“తలుపు గోకుతన్నారు. రెండు సార్లు. మళ్ళీ ఒకసారి.”

“వాడే. వాడే మామ్మా. తియ్యి, బేగి తియ్యి!”

“నీళ్ళియ్యక్కా. ముందు నీళ్ళియ్యి.”

“నిన్ను నేనే చంపేస్తాను సూరీ. నా చేతుల్తో చంపేస్తాను. ఎవడు వెళ్ళమన్నాడు నిన్ను?”

“కొట్టకు. సీసా పగిలిపోతాది. పదకొండున్నాయి ఇందులో. అన్నీ మంచివే.”

“బురదేటిరా? నడుం దాకా బురద?”

“గోడెనకాల కాలవలో కూర్చున్నాను మామ్మా. పట్టడం అయిపోయింది, వచ్చేద్దామని లేచేసరికి మూల మీద లారీ ఆగింది. రెండు గంటలు కదల్లేదు. ఇద్దర్ని ఎక్కించారు.”

“నిన్ను చూశారా?”

“లేదు. ఒకడు నా ఈడువాడే అక్కా. పొద్దుటి టిఫినుకి మొహింగా పొట్లం కొనుక్కుని ఇంటికి వెళ్తన్నాడు. కార్డు తీసి చూపించాడు. అన్నీ బాగానే చెప్పాడు. ఎక్కమన్నారు. పొట్లం రోడ్డు మీద పడిపోయింది. వాళ్ళమ్మకి చెప్పొస్తానని అడిగాడు. అదొక్కటే అడిగాడు.”

“సాల్రా. సెప్పకు. ఇటురా. ఈ దుప్పటి కప్పుకో నాయినా.”

“చలి మామ్మా. కాలవ నీళ్ళు.”

“కాదు. సలి కాదు. నాకు తెలీదేటి?”

“సూరీ, తరవాత ఏడుద్దాం. ఆవిడ పదకొండింటికి వస్తాది. ఇది కళ్ళు తెరవట్లేదు.”

“ఎవరు, ఆవిడా? ఈరోజా? గుడ్డెందుకు కప్పారు దీనికి! ఎండలో పెట్టాలి. కిటికీ దగ్గరకి తే. పక్కకి, నేను బయటికి కనపడకుండా నువ్వు నిలబడు. స్ప్రే సీసా ఏది? పై నుంచి కొట్టు, వాన తుంపరలా. మొహం మీద కాదు.”

“కొడతన్నాను.”

“డ్రాపరు. ఒక్కో చుక్క. పెదవి అంచున. తాగు తాగు. మామ్మా, ఈ వారం రోజులూ అటక మీద నాతో మాట్లాడింది ఇదొక్కటే.”

“మాటాడినాదా?”

“ఒక కన్ను నా మీద పెడతాది, రెండో కన్ను తలుపు మీద పెడతాది. నేను చేసేదీ అదే. తాగింది! అక్కా, గొంతు కదిలింది చూడు.”

“నిజంగానా?”

“ఇంకో చుక్క. ఇంకొకటి. ఇప్పుడు ఎవ్వరూ కదలకండి.”



“ఎంత సేపురా?”

“మాట్లాడకు మామ్మా.”

“పక్కల రంగు... సూరీ, పక్కల పచ్చ వస్తందా? నా కళ్ళకే అలా ఉందా?”

“వస్తంది. కన్ను తెరిచింది. అదిగో. ఇప్పుడు సీసాలోంచి ఒక్క మిడత ఇయ్యి. చిన్నది.”

“నాకు మిడతంటే భయం, నువ్వే తియ్యి.”

“నాను మొహం అటు తిప్పుకుంటాను. నాను సూడను. అయినాక సెప్పండి.”

“పెట్టాను. చూస్తంది. చూస్తంది... కొట్టింది! నాలిక కొట్టింది అక్కా! మింగేసింది!”

“శివయ్యా తండ్రీ! బతికిందా?”

“బతికింది మామ్మా, బతికింది!”

“సూరీ, నా బంగారం. రా, ఇటురా. ఇందాక తిట్టినవన్నీ వెనక్కి తీసుకున్నాను.”

“ఫోను మోగతన్నాదే పద్దీ.”

“ఆవిడే. ఉండండి, మాట్లాడకండి ఎవ్వరూ. హలో ఆంటీ! ఆఁ, చాలా బాగుంది ఆంటీ. ఆఁ, తింటంది. లేదాంటీ, కీచురాళ్ళు అయిపోయాయి, బయటివి పట్టి పెడతన్నాం. మిడతలు. ఎవరా? పట్టేదా? ఎవరంటే... మా మామ్మ. అవునాంటీ, మామ్మే. ఈ వయసులో కూడా. బాగా పడతాది. రండి, రండి. అరగంటలోనా? అలాగే ఆంటీ.”

“నా పేరు సెప్పేవా?”

“మామ్మా...”

“కార్తీకవాసంలో! దీపం ఎలుగుతా ఉండగా! నాను పురుగుల్ని పట్టి సంపేనని సెప్పేవా!”

“మరెవరి పేరు చెప్పను? మా ఆయన తెల్లారితే చిమిండైంగ్ బజార్లో మన గింజల కొట్లో ఉంటాడని అందరికీ తెలుసు. నాకు పురుగులంటే భయమని ఆవిడకి తెలుసు, గూడు తెచ్చిన రోజే కీచురాళ్ళని చూసి ఆవిడ ముందు కెవ్వుమన్నాను. ఈ ఇంట్లో ఇంకెవరున్నారు, లెక్కకి?”

“నా మొక్కు మంట్లో కలిసిపోనాది.”

“మామ్మా, ఆవిడ అడిగితే తలూపు చాలు. నోరు విప్పకు. తలూపితే అబద్ధం కాదు.”

“అబద్దం కాదేటి?”

“అక్క చెప్పినట్టు చెయ్యి మామ్మా, నా కోసం.”

“నీ కోసవంటే ఊపుతానురా. మెడ ఊడిపోయేటట్టు ఊపుతాను. నువ్వు పైకెల్లు ముందు.”

“చెప్పులు, సూరీ! నీ చెప్పులు తీసుకెళ్ళు. షర్టు తాడు మీద నుంచి లాగు. మామ్మా, నువ్వు ఆ బురద అడుగులు తుడు. వాడు నీళ్ళు తాగిన గ్లాసు తీసెయ్.”

“అక్కా, ఆవిడున్నప్పుడు తుమ్ము వస్తే?”

“మింగెయ్. నిచ్చెన లాక్కో. ఫ్యాను ఆపు. సూరీ... పలక్కు. ఏమైనా సరే పలక్కు.”

వార్డు పెద్ద భార్య డా తిన్ తిన్ ఏ వచ్చింది. ఇక్కడి నుంచి ఆమెతో మాటలన్నీ బర్మా భాషలో; తాయారమ్మని ఆమె ‘ఫ్వా ఫ్వా’, అంటే మామ్మ, అని పిలుస్తుంది.

“అబ్బబ్బ, ఏం మెట్లు! మోకాళ్ళు పోయాయి. మా పద్మినీ, బాగున్నావా? ఫ్వా ఫ్వా, నమస్కారం. కూర్చోండి, లేవకండి. ఏదీ, మా అమ్మాయి ముద్దుల కొడుకు ఏడీ?”

“ఇదిగో ఆంటీ, కిటికీ దగ్గర.”

“ఇదేనా? ఎంత పచ్చగా అయింది! మా ఇంట్లో ఎప్పుడూ కొమ్మకి అతుక్కుని దిగులుగా ఉండేది. ఉండు, వీడియో తీసి మా అమ్మాయికి పంపిస్తాను. ఆ కళ్ళు చూడు, ఎలా తిప్పుతోందో. పైకి చూస్తోందేం?”

“ఎండ ఆంటీ. ఎండ కోసం.”

“పైన ఏదో చప్పుడైంది.”

“ఎలుకలు ఆంటీ.”

“ఎలుకలా?”

“రేవు పక్కన కదా. బియ్యం మిల్లుల కాలం నుంచీ ఉన్నాయి. ఈ వీధంతా ఎలుకలే.”

“మా వారితో చెప్పి ఇద్దరు మనుషుల్ని పంపిస్తాను. అటకెక్కి మందు పెట్టి వెళ్తారు.”

“వద్దాంటీ!”

“ఎందుకు?”

“అంటే... మామ్మకి ఈ నెల వ్రతం. ఇంట్లో ఏ ప్రాణీ చావకూడదు.”

“అలాగా? మరి మిడతల్ని ఈవిడే పట్టిందన్నావుగా?”

“అది... అది మీ కోసం ఆంటీ. మీ మీద ఇష్టంతో. కదా మామ్మా?”

“పాపం, తలూపుతోందే గానీ మాట్లాడదేం?”

“ఉపవాసం. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళే. నీరసం ఆంటీ.”

“ఉపవాసంలో ఉన్న పెద్దావిడ చేత ప్రాణాలు తీయించానా నేను? ఎంత పని చేశాను పద్మినీ! నాకు తెలియలేదు, నిజంగా తెలియలేదు. ఫ్వా ఫ్వా, మీ చేతులు ఇలా ఇవ్వండి. ఎన్ని పట్టి ఉంటారు?”

“నలభై దాకా ఆంటీ. ఇంక వదిలేయండి, ఆ మాటెందుకు? టీ తాగుతారా?”

“నలభై ప్రాణాలు. ఎలా వదిలేస్తాను? వినండి ఫ్వా ఫ్వా. ఇక్కణ్నుంచి నేరుగా చిమిండైంగ్ బజారుకి వెళ్తాను. బతికున్న చేపలు నలభై కొంటాను. నది ఒడ్డుకి తీసుకెళ్ళి, పేరు చెప్పి, ఒక్కొక్కటీ నీళ్ళలోకి వదిలేస్తాను. ప్రాణానికి ప్రాణం. మీ మీద పాపం ఉండదు.”

“మొత్తం పోతుందామ్మా?”

“ఓ, మాట్లాడిందే! మొత్తం పోతుంది ఫ్వా ఫ్వా. పోవడమే కాదు, ఆ మనిషికి ఆయుష్షు పెరుగుతుంది. వచ్చే గండం కూడా తప్పుతుందని మా భిక్షువుగారు చెప్తారు.”

“గండం తప్పుతుందా?”

“ఖాయంగా. కాకపోతే పేరు సరిగ్గా ఉండాలి. ప్రాణం తీసిన చెయ్యి ఎవరిదో వాళ్ళ పేరే చెప్పాలి. వేరే పేరు చెప్తే పుణ్యమంతా వృథా. పూర్తి పేరూ, పుట్టిన వారమూ చెప్పండి, ఫోన్లో రాసుకుంటాను.”

“తాయారమ్మ, ఆంటీ. శుక్రవారం. శుక్రవారం రాసేయండి.”

“ఆగే పద్దీ.”

“మామ్మా, తలూపు. తలూపితే చాలన్నాను కదా.”

“ఇన్నావేటి ఆవిడన్నది? పేరు తప్పితే పున్నెవంతా ఎల్లిపోతాదంట. నలభై సేపలే. గండం తప్పుతాదంట.”

“మామ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను, నోరు ముయ్యి.”

“తెలుగులో ఏమంటోంది పద్మినీ? ఎందుకలా ఏడుస్తోంది?”

“ఏం లేదాంటీ, నీరసం. శుక్రవారం. తాయారమ్మ.”

“కాదు తల్లీ, నా పేరున వదలకండి, నేను ఒక్కటీ పట్టలేదు. మంగళవారం అని రాయండి, మంగళవారం పుట్టాడు, సూరి, మా మనవడు. అన్నీ వాడే పట్టాడు, ఇవాళ పొద్దున్న కూడా.”